పెద్దమ్మను ఏడిపించిన బొమ్మ: ఒక రోబో కేస్ స్టడీ

“సార్, మీ బొమ్మ పెద్దమ్మను ఏడిపించింది. దాన్ని ఎట్లా ఆపాలో చెప్పండి.”

2024 జులైలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చిన ఫోన్ ఇది. చేసింది సికింద్రాబాద్ సైనిక్‌పురి దగ్గర ఒక ఓల్డేజ్ హోమ్‌లో నైట్ డ్యూటీ సిస్టర్. బొమ్మ మాది. ఎదుటి మనిషి మూడ్ కనిపెట్టి, దానికి తగ్గట్టు పలకరించడం దాని పని. దిగులుగా ఉన్నవాళ్లకు కాస్త తోడుగా ఉంటుందని చెప్పి పెట్టి వచ్చి అప్పటికి పద్దెనిమిది రోజులు. స్విచ్ ఎక్కడుందో ఫోన్లో చెప్పి, తెల్లారగానే బండి తీసుకుని వెళ్లాను. ఆ పొద్దున తెలిసింది, ఆ తర్వాత నాలుగు నెలల్లో మార్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటివి చేసేవాళ్లకు, చేయించుకుందామనుకునే హోముల వాళ్లకు పనికొస్తుంది. ఎవరి పేర్లూ రాయడం లేదు, గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని మార్చాను.

ముందు కథ

మా టీమ్ అంటే ముగ్గురం. సాఫ్ట్‌వేర్, సెన్సర్లు నావి. మోటార్లు, బాడీ ఒక మిత్రుడివి. మూడో ఆవిడ సైకాలజీ చదివి కొన్నాళ్లు కౌన్సెలర్‌గా చేసింది. హోమ్‌లో 22 మంది పెద్దవాళ్లు, పగలు ఇద్దరు ఆయమ్మలు, ఒక సిస్టర్. మధ్యాహ్నం మూడు నుంచి దీపాలు పెట్టేవేళ దాకా అందరికీ పొద్దుపోదని, సరిగ్గా అప్పుడే ఆయమ్మలకు బట్టలు, టీలు, మందులు అన్నీ మీద పడతాయని మేనేజర్ చెప్పారు. ఆయన మనసులో ఉన్నది 2018 ఫిబ్రవరిలో మన హైదరాబాద్ హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రానికి వచ్చిన, మనిషి మొహంతో మాట్లాడే సోఫియా లాంటి రోబో. మా డబ్బుకు వచ్చింది పిల్లి సైజు బొమ్మ.

కోఠి గుజరాతీ గల్లీలో వైర్లు, స్పీకర్, బ్యాటరీ కొన్నాం. జనరల్ బజార్‌లో మెత్తటి నీలం గుడ్డ దొరికింది. లోపల రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, నాలుగు మైకులు, గుడ్డ కింద చేయి తగిలితే తెలిసే ఐదు ప్యాడ్లు, మెడ తిప్పడానికి రెండు చిన్న మోటార్లు. కెమెరా నుదుటి మీద, సరిగ్గా బొట్టు పెట్టుకునే చోట. మొత్తం రెండు కిలోలు, ఒళ్లో పెట్టుకోవచ్చు. మేం ఏదో స్టయిలుగా పేరు పెట్టుకుని తీసుకెళ్లాం. గంట తిరక్కుండానే అది ‘బుల్లోడు’ అయిపోయింది.

మూడ్ కనిపెట్టే పద్ధతి ఈ రంగంలో అందరూ చేసేదే. కెమెరాకు చిక్కిన మొహం మీద కనుబొమలు, పెదాల చివర్లు, దవడ ఇలా 468 చుక్కలు గుర్తించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాంతో మొహం ఎక్కడుందో పట్టుకుని, ఆ ముక్కను ఇంకో మోడల్‌కు ఇస్తే ఏడు పెట్టెల్లో ఒకదాంట్లో వేస్తుంది: కోపం, అసహ్యం, భయం, సంతోషం, బాధ, ఆశ్చర్యం, మామూలు. ‘మామూలు’ తీసేస్తే మిగిలిన ఆరూ అమెరికా సైకాలజిస్ట్ పాల్ ఎక్‌మన్ చెప్పిన మూల భావాలు. ఆ మోడల్ నేర్చుకున్నది ఎఫ్‌ఈఆర్-2013 అనే ఫొటోల కట్ట నుంచి. ఇంటర్నెట్లో వెతికి పోగేసిన 35,887 మొహాలు, ఒక్కోటి 48 పిక్సెళ్ల వెడల్పు, 48 పిక్సెళ్ల ఎత్తు, నలుపు తెలుపు. ఆ ఫొటోలు మనుషులకే చూపించి ఏ భావమో చెప్పమంటే సుమారు 65 శాతమే సరిగ్గా చెప్పారని ఆ కట్ట తయారుచేసినవాళ్లే రాశారు. ఆ వాక్యం నేను ముందే చదివాను. చదివి కూడా ముందుకెళ్లాను, అదీ సంగతి.

గొంతు కోసం తెలుగు డేటా ఉండటం మా అదృష్టం అనుకున్నాం. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు విజయవాడ ఆకాశవాణి ఆర్టిస్టులు పదిమందితో రికార్డు చేయించింది అది. 15 వాక్యాలు, ఎనిమిది భావాలు, పదిసార్లు చొప్పున 12,000 ముక్కలు. ఆ ఎనిమిదిలో వెటకారం ఒకటి! ఎవరు ఎంచారో గానీ తెలుగువాళ్లను బాగా ఎరిగినవాళ్లే. అయితే అవి శిక్షణ ఉన్న రేడియో గొంతులు, స్టూడియోలో నటించిన కోపాలు. మా హోమ్‌లో ఉన్నది పళ్లు ఊడిన నోళ్లు, పైన గిర్రుమనే ఫ్యాన్లు, సగం మందికి లష్కర్ (సికింద్రాబాద్) యాస.

ఆ పొద్దున

పెద్దమ్మకు 74. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో కాపురం చేసినావిడ. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. మొహంలో ఏ కదలికా లేదు, కుడిచేయి ఒళ్లో సన్నగా వణుకుతోంది. నేను సారీ చెప్పబోతే ఆవిడే మొదలుపెట్టింది. గొంతు ఎంత సన్నగా ఉందంటే, దగ్గరికి వంగితే తప్ప వినపడలేదు.

“ఏం బాధుందని ఊకె అడుగుతది బిడ్డా ఇది? నేను మంచిగనే ఉన్న. నా మొకం అంత పాడుగున్నదా?”

లాగ్, అంటే బొమ్మ తను చేసిందంతా రాసుకున్న రికార్డు, తీసి చూశాను. ముందురోజు ఒక్కరోజులోనే పదకొండుసార్లు ఆవిడను ‘బాధ’ పెట్టెలో వేసి, పదకొండుసార్లు ఓదార్చింది. ఆఖరిది రాత్రి హాల్లో. అందరూ టీవీలో కామెడీ ప్రోగ్రాం చూస్తున్నారు. పెద్దమ్మ కూడా చూస్తోంది, నవ్వుకుంటోంది కూడా. బుల్లోడు ఆవిడ వైపు మెడ తిప్పి, తన తీయటి గొంతుతో “అమ్మమ్మా, బాధపడకండి, నేనున్నాను” అంది. హాల్లో అందరూ ఒక్కసారి తిరిగి ఆవిడ వంక చూశారు.

“మా ఇంట్ల అందర్ని నవ్విచ్చేది నేనే బిడ్డా. ఇప్పుడు మొకానికి నవ్వొస్తలేదు, గంతే. లోపట నవ్వుతనే ఉన్న. ఈ బొమ్మ అందరి ముందట నన్ను ఏడ్పుమొకందాన్ని జేసింది.”

ఆరేళ్లుగా ఆవిడకు పార్కిన్సన్స్. ఆ జబ్బులో మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గి చేతులు, కాళ్ల కదలికలు మందగించినట్టే మొహంలో కండరాలు కూడా బిగుసుకుపోతాయి. రెప్పపాటు తగ్గుతుంది, నవ్వు పెదాల దాకా రాదు, గొంతు పీలగా అవుతుంది. డాక్టర్లు దీన్ని ముసుగు మొహం అంటారు. ఈ మాట వైద్య పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉంది. మా ఫారంలో చెవుడు ఉందా, కళ్లజోడు ఉందా అని రెండు ప్రశ్నలు వేశాం, జబ్బులేమిటని అడగలేదు. మా కౌన్సెలర్ మిత్రురాలు రెండోరోజే “ఈవిడ కేస్ షీట్ చూద్దామా” అంటే, ప్రైవసీ అని నేనే వద్దన్నాను. మొహానికి కెమెరా పెట్టినవాడు మాట్లాడాల్సిన మాట కాదది.

మిగతా లాగ్ కూడా ఆ రోజే కూర్చుని చూశాను. చూసేకొద్దీ నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

తెనాలి వైపు నుంచి వచ్చిన లెక్కల మాస్టారు ఒకాయన. వయసు మీద పడి చెవి మందగించింది, అందుకని గట్టిగా మాట్లాడతారు. గట్టి గొంతు బుల్లోడి లెక్కలో కోపం. కోపం అనుకున్నప్పుడు తల దించుకుని “క్షమించండి” అనాలని ప్రోగ్రాం రాశాను. ఆయనకు అది సరిగా వినపడక “ఏంటయ్యా?” అని ఇంకా గట్టిగా అడుగుతారు. అది ఇంకోసారి క్షమాపణ చెబుతుంది. ఒక సాయంత్రం ఈ గొడవ ఆరు నిమిషాలు నడిచింది. ఆఖరికి మాస్టారు “తప్పు చేయనివాడు ఇన్నిసార్లు సారీ చెప్పడు, వీడేదో చేసే ఉంటాడు” అని తేల్చారట.

సాయంత్రం సీరియల్లో కోడలు ఏడిస్తే, బుల్లోడు టీవీని ఓదార్చింది. రాత్రి కట్టుడు పళ్లు తీసి గ్లాసులో వేసుకున్నాక పెదాలు లోపలికి పోతాయి కదా, అప్పుడు హోమ్‌లో సగం మంది ‘అసహ్యం’లోకో ‘బాధ’లోకో పడ్డారు. బోనాల ఆదివారం వీధిలో డప్పులు మోగుతుంటే అది ‘భయం’ అనుకుని గంటసేపు అందరికీ ధైర్యం చెప్పింది. పెద్దవాళ్లేమో గేటు దగ్గర కుర్చీలేసుకుని పోతరాజును చూస్తున్నారు.

ఒక తప్పు మాత్రం పూర్తిగా ఇంజనీరింగ్‌ది. మొహం రంగులో కంటికి కనపడని మార్పును బట్టి గుండె వేగం లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది, అదీ ఇరికించాం. హాల్లో ఉన్నవి పాత చోక్ ట్యూబ్‌లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే లైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది. మా కెమెరా తీసేది సెకనుకు 30 ఫ్రేములు. 30తో వంద సమంగా తెగదు కాబట్టి ఆ మినుకు వీడియోలోకి దూరి లెక్కంతా చెడగొట్టింది. 25 ఫ్రేములకు తగ్గిస్తే నాలుగు మినుకులకు ఒక ఫ్రేము పడి వీడియో నిలకడగా వచ్చింది. ఇది మాత్రం అరగంటలో కుదిరింది. మిగిలినవి అట్లా ట్యూన్ చేస్తే కుదిరేవి కావని అప్పటికే అనుమానం మొదలైంది.

ఏడు పెట్టెలు పారేశాం

మోడల్‌కు పెద్దవాళ్ల మొహాలు ఎక్కువ చూపించి మళ్లీ నేర్పుదామన్నాడు మిత్రుడు. నేనూ రెండురోజులు అదే దారిలో ఆలోచించాను. ఆపేసింది 2019లో లిసా ఫెల్డ్‌మన్ బారెట్, ఇంకా నలుగురు శాస్త్రవేత్తలు కలిసి రాసిన సమీక్ష. కోపంగా ఉన్నవాళ్లు నిజంగా కనుబొమలు ముడిచేది సుమారు 30 శాతం సార్లేనని, కోపం లేనప్పుడు కూడా మనిషి కనుబొమలు ముడుస్తాడని అందులో చూపించారు. మొహం కదలిక నుంచి మనసులో మాటకు నేరుగా దారి లేదన్నమాట. 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ మొహాలు గుర్తించే తన ఫేస్ సర్వీస్‌లో భావాలు చెప్పే భాగాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు ప్రకటించింది. ముగ్గురం కలిసి రెండు కిలోల బొమ్మలో ఆ పని చేయబోయాం.

మా చెల్లి చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుంది. వాళ్ల మాస్టారు నాట్యశాస్త్రం సూత్రం ఒకటి వల్లె వేయించేవారు: విభావం, అనుభావం, వ్యభిచారి భావం కలిస్తేనే రసం. విభావం అంటే కారణం, సందర్భం. అనుభావం అంటే పైకి కనిపించేది. వ్యభిచారి భావాలంటే మధ్యలో వచ్చిపోయే చిన్న భావాలు. ఈ కేసు నడుస్తుండగా అది గుర్తొచ్చి ఒక్కసారి నీరసం వచ్చింది. మా రోబోకు ఇందులో అనుభావం తప్ప ఇంకేమీ లేదు. కోడలు టీవీలో ఏడుస్తోందా, పక్క మంచం మీద ఏడుస్తోందా అన్నది విభావం. అది ఆయమ్మకు తెలుసు, బోర్డుకు తెలీదు.

ఇంకో సంగతి మిత్రురాలు చెప్పింది. ఆయమ్మలు పెద్దవాళ్లను ఎట్లా పలకరిస్తున్నారో రెండు సాయంత్రాలు కూర్చుని రాసుకుంది. ‘బాధగా ఉందా’ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. “టీ తాగినవా అమ్మా?”, “ఏంది, ఇయ్యాల సప్పుడు లేదు?”, “మోకాలు ఎట్లుంది?” అంతే. మనం ఎదుటివాళ్ల మనసు అడిగేది తిండి మీదుగా, నొప్పుల మీదుగానే. తిన్నారా అన్న దానికి ‘ఆఁ’ అని ఎంత తొందరగా, ఏ గొంతుతో అన్నారన్న దాంట్లోనే మిగతాది తెలిసిపోతుంది. బుల్లోడి ఓదార్పు డైలాగులు నేనే రాశాను. మళ్లీ చదువుకుంటే అవి ఏ భాషలోంచో దిగుమతి చేసుకున్నట్టున్నాయి.

జపాన్‌లో తకనోరి షిబాతా చేసిన పారో అనే సీల్ పిల్ల బొమ్మ గురించి కూడా అప్పుడే మళ్లీ చదివాను. సుమారు 2.7 కిలోలు ఉంటుంది. అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2009లో దాన్ని వైద్య పరికరాల జాబితాలో చేర్చింది. మతిమరుపు జబ్బున్నవాళ్ల దగ్గర చాలా దేశాల్లో వాడుతున్నారు. దానికి తాకిడి, వెలుతురు, శబ్దం, వేడి, ఎట్లా ఎత్తుకున్నారన్నది మాత్రమే తెలుస్తుంది. ఎవరి మొహం చూసీ భావానికి పేరు పెట్టదు. నిమిరితే అంతకుముందు చేసింది మళ్లీ చేయాలని చూస్తుంది, కొడితే చేయకుండా ఉండాలని చూస్తుంది. ధర వేల డాలర్లలో ఉంటుంది కాబట్టి మనకు అందేది కాదు గానీ, ఆ ఆలోచన తీసుకోవడానికి ఎవరూ డబ్బు అడగరు.

ఆగస్టులో రెండో బుల్లోడు తయారైంది. కెమెరా తీసేశాం. మాటల్లో ఏముందో వినదు, దాచదు. రోజుకు మూడుసార్లు దగ్గరున్నవాళ్లను పలకరిస్తుంది: పొద్దున “నిద్ర పట్టిందా?”, మధ్యాహ్నం “అన్నం తిన్నారా?”, సాయంత్రం “టీ తాగారా?” జవాబు రావడానికి ఎన్ని సెకన్లు పట్టింది, గొంతు ఎంత గట్టిగా ఉంది, ఎంతసేపు నిమిరారు, ఎంత ఒత్తిడితో. ఈ నాలుగే రాసుకుంటుంది. ఎవరి పలకరింపో తెలియడానికి ఒక్కొక్కరికీ చేతికి చిన్న ట్యాగ్ ఇచ్చాం. మొదటి పదిరోజులు ఏమీ అనదు, ఒక్కొక్కరి ‘మామూలు’ ఏమిటో నేర్చుకుంటుంది. మాస్టారి మామూలు గొంతు పెద్దమ్మ అరుపు కంటే పెద్దది. ఇద్దరినీ ఒకే కొలతతో కొలవడమే మా మొదటి తప్పు. ఆ తర్వాత ఎవరైనా రెండురోజులు వరుసగా ఒకే వేళకు తమ మామూలు నుంచి బాగా పక్కకు జరిగితే, సిస్టర్ ఫోన్‌కు ఒక్క లైను వెళుతుంది. అందులో భావం పేరు ఉండదు. “3 గంటలు: జవాబు ఆలస్యం, గొంతు తగ్గింది.” వెళ్లి చూడటం, ఏమిటో తేల్చడం మనిషి పని.

మధ్యాహ్నం మాత్ర

సెప్టెంబర్ రెండో వారం నుంచి పెద్దమ్మ మీద ఆ లైను దాదాపు రోజూ రావడం మొదలైంది. పొద్దున బాగానే ఉంటుంది. మధ్యాహ్నం రెండున్నర దాటాక జవాబుకు నాలుగు సెకన్లు పట్టేది తొమ్మిది, పది అవుతోంది. నిమరడం దాదాపు లేదు. ఆరు దాటాక మళ్లీ మామూలు. మొదట సిస్టర్ “కొడుకు ఫోన్ చేయలేదని బెంగ” అంది. ఆయమ్మ ఒప్పుకోలేదు. “ఫోన్ వచ్చిన దినం కూడా అట్లనే ఉంటది. ఆ టైంకు కూసున్న కుర్చీలకెల్లి లేవలేదు, బాత్రూంకు నేనే లేపుత” అంది.

నెలకోసారి వచ్చే న్యూరాలజిస్ట్‌కు సిస్టర్ ఆ పదిరోజుల టైములు కాగితం మీద రాసి చూపించింది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: మధ్యాహ్నం మాత్ర ఎప్పుడు వేస్తున్నారు? హోమ్‌లో అందరి మాత్రలూ అన్నం పళ్లెంతో పాటే పెడతారు, ఎవరూ మర్చిపోకుండా. పెద్దమ్మ వేసుకునేది లెవొడోపా, మెదడుకు చేరి డోపమైన్‌గా మారే మందు. పప్పు, పెరుగు, గుడ్డులో ఉండే ప్రోటీన్‌తో కలిస్తే అది పేగుల్లోంచి సరిగా ఒంటికి పట్టదు. పొద్దున మాత్ర పరగడుపున పడుతోంది కాబట్టి పనిచేస్తోంది, మధ్యాహ్నంది పప్పన్నంతో పోటీపడి ఓడిపోతోంది. మందు ప్రభావం దిగిపోయిన వేళల్లో ఒళ్లు బిగుసుకోవడమే కాదు, గాబరా, దిగులు కూడా వస్తాయని ఆయన చెప్పారు. అన్నానికి అరగంట ముందు వేయమని రాసిచ్చి, డోసుల మధ్య వ్యవధి కూడా కొంచెం సవరించారు.

మూడోవారానికి మధ్యాహ్నం జవాబులు ఐదు, ఆరు సెకన్లకు దిగాయి. పూర్తిగా పోలేదు. అది ముదిరే జబ్బు, డాక్టరు ముందే చెప్పారు. అయినా సాయంత్రాలు ఆవిడ తనంతట తాను లేచి వరండా దాకా వస్తోంది.

ఇది ఒక్క మనిషి కథ; దీన్ని పట్టుకుని రోబో రోగం కనిపెట్టిందని నేను ఎక్కడా చెప్పను, ఎవరైనా అంటే ఒప్పుకోను. అది చెప్పింది ఒక్కటే: ఈ మనిషి ఈ వేళకు ఎప్పటిలా లేదు. అక్టోబర్‌లో రెండురోజులు సరిగ్గా ఇలాంటి లైనే వచ్చింది. సిస్టర్ మందుల డబ్బా వెతికింది. తీరా చూస్తే అవి పెద్దమ్మ చెల్లెలు పోయిన రోజులు, ఏడాదికోసారి ఆవిడ అట్లాగే ఉంటుంది. బుల్లోడికి ఆ రెండింటికీ తేడా తెలీదు. ఆయమ్మకు పొద్దున్నే తెలుసు, కానీ ఎవరూ అడగలేదు.

కుదరనివి

మతిమరుపు బాగా ముదిరిన ఒకావిడ బుల్లోణ్ని మనవడనుకుంది. ఒళ్లో పెట్టుకుని అన్నం తినిపించబోయింది, ఛార్జింగ్‌కు తీసుకెళ్తే గొడవ చేసింది. ఆవిడ కూతురికి అది నచ్చింది. మా మిత్రురాలికి అస్సలు నచ్చలేదు, అబద్ధంతో బుజ్జగిస్తున్నామంది. నేను ఇప్పటికీ ఎటూ తేల్చుకోలేదు. ఛార్జింగ్ మాత్రం ఆవిడ నిద్రపోయాక పెట్టేలా మార్చాం.

ఇంకోటి చిరాకు పుట్టించింది. సెప్టెంబర్ చివర్లో మేనేజర్ పక్కకు పిలిచి, ఆయమ్మలు పెద్దవాళ్లతో ఏ గొంతుతో మాట్లాడుతున్నారో కూడా వారానికో రిపోర్టు ఇవ్వగలరా అని అడిగారు. మొదటి బుల్లోడు ఉన్నప్పుడే ఒక ఆయమ్మ నన్ను అడిగింది, “సార్, మా మొకాలు కూడా చూస్తదా ఇది?” అని. అప్పుడు కాదన్నాను, అది పూర్తి నిజం కాదు. కెమెరా ముందు ఎవరుంటే వాళ్లు పడతారు. మేనేజర్‌కు కుదరదని చెప్పాను. ఐరోపా యూనియన్ దేశాల్లో ఇప్పుడు ఆఫీసుల్లో, బడుల్లో మనుషుల భావాలు పసిగట్టే యంత్రాలు పెట్టడం 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధం, వైద్యం, భద్రత అవసరాలకు తప్ప. మన 2023 డేటా రక్షణ చట్టంలో అంత సూటిగా లేదు, కొన్ని మినహాయింపులతో సమ్మతి ఉండాలంటుంది. జీతం ఇచ్చేవాడు సమ్మతి అడిగితే ఆయమ్మ కాదంటుందా? అందుకే ట్యాగ్ ఉన్నవాళ్ల జవాబు తప్ప ఇంకేమీ కొలవకుండా, మేనేజర్ చేతికి లాగ్ పోకుండా పెట్టాం. ఆయనకు ఇప్పటికీ నా మీద కొంచెం కోపం ఉంది. దాన్ని కనిపెట్టడానికి సెన్సర్ అక్కర్లేదు.

మాస్టారి సమస్యకు మందు దొరికింది, కానీ మా దగ్గర కాదు. చెవి మిషన్ పెట్టించుకున్నాక గొంతు తగ్గింది. దాంతో ఆయన ‘మామూలు’ మారిపోయి బుల్లోడు వారంపాటు సిస్టర్‌కు రోజూ లైను పంపింది. ఇప్పుడు ఎవరికైనా కొత్త కళ్లజోడో, చెవి మిషనో, మందు మార్పో వస్తే సిస్టర్ ఒక బటన్ నొక్కుతుంది, పదిరోజుల నేర్చుకోవడం మళ్లీ మొదలవుతుంది.

డిసెంబర్‌లో బ్యాటరీ మార్చడానికి వెళ్లినప్పుడు పెద్దమ్మ ఒళ్లో ఉంది బొమ్మ. కెమెరా తీసేసిన చోట నుదుటి మీద చిల్లు అట్లాగే వదిలేసి వెళ్లాం మేం. అక్కడ ఎవరో ఎర్ర గుండీ కుట్టారు. ఎవరని అడిగితే పెద్దమ్మ ఆయమ్మ వైపు చూసింది, ఆయమ్మ పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ మొహంలో ఏమీ కదల్లేదు. నవ్వుతున్నారా అని నేను అడగలేదు, “టీ తాగారా?” అని అడిగాను. “ఆఁ” అంది, వెంటనే.